వెనక్కి రాని ఏనుగు

హిమబిందుకు జ్ఞానోదయం అయింది తెనాలిలో, సొంతింటి మేడ మీద, ఫ్యాను కింద, ఆఫీసు మీటింగు మధ్యలో.

కొత్తగా చేరిన మనీషా, ఇంకా మొదటి జీతం మొహం కూడా చూడని పిల్ల, "మేడమ్, మనం రన్ నొక్కాక లోపల అసలేం జరుగుతుందండీ?" అని అడిగింది. హిమబిందు పదేళ్ళకు పైగా సాఫ్ట్‌వేరులో ఉంది. కంపెనీ హైదరాబాదులో, మనిషి తెనాలిలో, జీతం బ్యాంకులో. "కంపైల్ అవుతుందమ్మా" అంది, పెద్దరికంగా. "కంపైల్ అవడం అంటే ఏంటండీ?" అంది మనీషా. "మెషిన్ కోడ్ అవుతుంది." "ఎలా అవుతుందండీ?" అప్పుడు హిమబిందు, నెట్ సరిగా లేదని చెప్పి లైన్ కట్ చేసింది. నెట్ నిక్షేపంగా ఉంది.

ఆ రోజంతా ఆమెకు అన్నం సయించలేదు. ఇన్నేళ్ళలో తను చేసిందేమిటి? పేరు రాయండి, ఫోన్ నంబరు రాయండి, పంపండి. ఇవే తెరలు, రంగులు మార్చి. రెండేళ్ళకోసారి కంపెనీ పాతవాటిని చెత్తలో పారేసి కొత్తవి చేయమనేది. ఈ మధ్య ఆ తెరలు కూడా యంత్రమే రాసిపెడుతోంది, తను పక్కన కూర్చుని తల ఊపుతోంది. ఇదిగో ఇది నేను చేశాను, అడుగు నుంచి చివరిదాకా నాది, అని వేలు పెట్టి చూపించడానికి లోకంలో ఒక్క వస్తువు లేదు. ఆ బాధ మామూలుగా లేదు.

అలా మొదలైంది చదువు. ముందు కంపైలర్ల పుస్తకం వచ్చింది. దాని లావు చూసి అత్తగారు బసవమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"ఈ వయసులో మళ్ళీ పరీక్షలేంటే? ఏం పాసవుదామని?"

"పరీక్షల్లేవు అత్తయ్యా. ఊరికే తెలుసుకుందామని."

"ఊరికే తెలుసుకోడానికి ఇంత లావా? నేను ఇన్నేళ్ళు కాపురం చెయ్యలా, ఏ పుస్తకం చూసి చేశాను?"

ఆ ప్రశ్నకు మామగారు బతికి ఉంటే సమాధానం చెప్పేవారేమో. హిమబిందు పేజీ తిప్పింది.

కంపైలరు అంటే పెళ్ళిళ్ళ పేరయ్య అని నాలుగు నెలలు తల బద్దలు కొట్టుకున్నాక ఆమెకు తేలింది. ఇటు మనిషి మాట తీసుకుని, దాన్ని ముక్కలు చేసి, ఏ ముక్క ఏ ముక్కకు ఏమవుతుందో వంశవృక్షం గీసి, అటు యంత్రానికి నచ్చే ఒకట్లు సున్నాలుగా మార్చి ముడిపెడుతుంది. అబద్ధాలాడదు, అదొక్కటే తేడా. ఇంతా అర్థమయ్యాక చేయి ఊరుకుంటుందా? సొంతంగా ఒక చిన్న భాష తయారుచేసింది. అంతా తెలుగు మాటలే. వెలుగు, దించు, ఎత్తు, ఆపు.

భాష అన్నాక తప్పు రాస్తే పట్టుకుని చెప్పాలి. తప్పులు పట్టే విద్యలో ఆమెకు ఇంట్లోనే నిలువెత్తు నమూనా ఉంది. అందుకని బ్రాకెట్ తెరిచి మూయకపోతే "తలుపు తీసినవాళ్ళు వేయాలని తెలీదా?" అని తెర మీద పడేది. ముందు చెప్పని పేరు వాడితే "ఇదెవరు? ఎవరి తాలూకు?" అనేది. వాక్యం చివర చుక్క మర్చిపోతే "ఏడిసినట్టుంది, పూర్తిగా చెప్పు" అనేది. ఒకరోజు మొగుడు హర్ష వెనకనుంచి చూసి, "మా అమ్మని కంప్యూటర్లోకి ఎక్కించావేంటి బిందూ!" అని పగలబడి నవ్వాడు. నవ్వి, అమ్మ గుమ్మంలో ఉందేమోనని ఒకసారి వెనక్కి చూసుకున్నాడు.

'మళ్ళీ' అన్న మాట దగ్గర మాత్రం బండి ఆగింది. చేసిన పనినే తిరిగి చేయాలంటే ప్రోగ్రాము వెనక్కి గెంతాలి. ఎక్కడికి గెంతాలో గుర్తు పెట్టుకోవాలి, మధ్యలో మారినవన్నీ సర్దుకోవాలి. ఆ అధ్యాయం రెండుసార్లు మొదలుపెట్టింది, రెండుసార్లూ కునుకు పట్టింది. తర్వాత చూద్దాంలే అని ముందుకు పోయింది. పోతూ పోతూ, ఎవరైనా ఆ మాట వాడితే భాష ఏమనాలో ఒక ముక్క రాసి పెట్టింది: "మళ్ళీ అని ఎవరడిగారు?" ఆ భాష వాడేది ఎటూ తనొక్కతే.

తర్వాత సిస్టమ్స్ ప్రోగ్రామింగు మీద పడింది. అక్కడ కంప్యూటరు జ్ఞాపకాన్ని గదులుగా పంచుతారు. పొరపాటున పక్కవాడి గదిలో కాలు పెట్టామా, ప్రోగ్రాము అక్కడికక్కడే ఠపీమని చస్తుంది, కారణం కూడా చెప్పదు. కొన్నాళ్ళు ఇంట్లో రోజూ చావులే. అది దాటాక, ఇంకా కింద ఏముందని చూస్తే, కరెంటును ఆపి వదిలే గేట్లు. ఇద్దరూ ఊ అంటేనే ఊ అనేది ఒకటి, ఎవరు ఊ అన్నా ఊ అనేది ఇంకొకటి, ఏమన్నా కాదనేది మూడోది. మూడోదానికి ఆమె మనసులో ఒక పేరు పెట్టుకుంది గానీ ఎవరికీ చెప్పలేదు. ఈ గేట్లను మన ఇష్టం వచ్చినట్టు కలుపుకోవడానికి వీలుగా ఒక ఖాళీ చిప్పున్న బోర్డు తెప్పించి, డైనింగ్ టేబుల్ మీద గోంగూర జాడీ పక్కన పెట్టి, ఆ చిప్పులో తన భాషను నడిపే చిన్న యంత్రాన్ని కట్టింది. మొదటిసారి ఒక చిన్న లైటు ఆమె చెప్పినప్పుడు వెలిగి ఆమె చెప్పినప్పుడు ఆరింది. హిమబిందు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బసవమ్మ వచ్చి చూసి, "దీనికి స్విచ్చి చాలదూ?" అంది.

సరిగ్గా ఆ రోజుల్లో పున్నారావు ఇంటికొచ్చాడు.

పున్నారావు బసవమ్మకు అన్న, హర్షకు మేనమామ. ఊళ్ళో మినప్పప్పు మిల్లు ఉంది. పగలు పప్పు, సాయంత్రం పద్యం. ఆయన నాటక సమాజంలో రాజు వేషం ఎప్పుడూ ఆయనదే, ఎందుకంటే కిరీటాలు ఆయనవి. గొంతు మంచిదే. గొప్పదా అంటే, ఆ మాట ఆయన చెల్లెలు తప్ప ఎవరూ అనలేదు.

ఈ ప్రాంతంలో పద్యం నచ్చితే జనం "వన్స్ మోర్" అని అరుస్తారు. అరిస్తే నటుడు ఆ పద్యం మళ్ళీ పాడి తీరాలి, అది మర్యాద. చచ్చిపడిపోయిన పాత్ర లేచి కూర్చుని, పద్యం ఇంకోసారి పాడి, మళ్ళీ చచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. తెనాలిలో పున్నారావుకు వన్స్ మోర్లకు కొదవ లేదు. కాకపోతే వాటన్నిటి వెనకా బసవమ్మ ఉండేది. చుట్టాలను ముందు వరసలో, మిల్లు హమాలీలను వెనక వరసలో కూర్చోబెట్టి, తను తల తడుముకున్నప్పుడు అరవాలని పురమాయించేది. పున్నారావుకు ఈ సంగతి తెలుసు. తెలిసీ ఊరుకునేవాడు.

రేపల్లె అలా కాదు. రేపల్లెవాళ్ళు శ్రద్ధగా వింటారు, తల ఊపుతారు, బజ్జీలు తింటారు, నోరు మాత్రం తినడానికి తప్ప విప్పరు. ఏటా అక్కడ జరిగే నాటకోత్సవాల్లో ఇన్నేళ్ళుగా పాడుతున్నా పున్నారావుకు ఒక్క వన్స్ మోర్ పడలేదు. ఇప్పుడాయన డెబ్భైకి దగ్గర పడ్డాడు, ఊపిరి అంతంతమాత్రం. పద్యాలు మానేయమని డాక్టరు చెప్పాడు. ఈ ఒక్క రేపల్లె అయ్యాక మానేస్తానని ఆయన చెప్పాడు. ఎవరూ పురమాయించని వన్స్ మోర్, ముక్కూమొహం తెలియని జనం నోటినుంచి, ఒక్కటంటే ఒక్కటి. ఆయనకు కావలసింది అంతే. పైకి మాత్రం ఏనాడూ అనలేదు. ఆటకు ముందు వన్స్ మోర్ పేరెత్తితే ఇక అది పడదని నటుల నమ్మకం. ఆయన అనకపోయినా ఇంటిల్లిపాదికీ తెలుసు.

"అమ్మాయ్, నువ్వేదో గేట్లు కడుతున్నావంటగా" అన్నాడు పున్నారావు, హిమబిందు టేబుల్ మీదికి అనుమానంగా చూస్తూ. "అది మా తెరలు లాగుద్దా?"

తెరలు లాగే మనిషి, బిరియాని పెట్టే సమాజం దొరికిందని పున్నారావు సమాజం వదిలి వెళ్ళిపోయాడట. లైట్లు చూసేవాడు కూడా ఆ బిరియాని వెనకే పోయాడట.

"లాగుద్ది మావయ్యా" అంది హిమబిందు. దర్బారు తెర, అడవి తెర, ముందు తెర, లైట్లు, ఉరుములు, వాన చప్పుడు, అన్నీ ఆమె కళ్ళముందు ఒక్కసారిగా కదిలాయి. వేలు పెట్టి చూపించడానికి వస్తువు దొరికింది. అదీ నలుగురూ చూసే చోట.

నాటకం పేరు భద్రకేతు విజయం. రాజ్యం పోగొట్టుకున్న భద్రకేతు అడవికి పోతూ, కళ్ళు కనపడని తన ముసలి ఏనుగుకు వీడ్కోలు చెబుతాడు. ఆ పద్యమే ఆటకు ప్రాణం. ఏనుగును వెదురుబద్దలతో, గోనెపట్టాతో చేసి, బూడిదరంగు కొట్టి, కింద చక్రాలు పెట్టారు. పద్యం అయిపోగానే ఉరుము ఉరమాలి, ఏనుగు తాడు మీద పక్కకు పోవాలి, దర్బారు తెర లేచి అడవి తెర దిగాలి, వాన పడాలి, ఆపైన ముందు తెర పడి మొదటి అంకం ముగియాలి. హిమబిందు ఇదంతా తన భాషలో వరసగా రాసింది. ఒక్కో పని చివర 'ఆపు'. ఆపు దగ్గర యంత్రం కదలకుండా కూర్చుంటుంది. హార్మోనిస్టు జాన్ బాబు కాలి కింద ఒక మీట పెట్టారు, ఏ పద్యం ఎక్కడ ఆగుతుందో తెలిసినవాడు ఆయనే గనక. మీట తొక్కితే యంత్రం తర్వాతి పని చేస్తుంది. ఒక తొక్కుడుకు ఒక పని.

రిహార్సలు బాపట్లలో, వేంకటసుబ్రహ్మణ్యం మాస్టారింటి ఆవరణలో. ఆయన తెలుగు లెక్చరరుగా రిటైరై ఈ నాటకం రాశారు. మోటార్లను, వైర్లను, బోర్డును కళ్ళజోడు దించి చూశారు.

"దీనికి ఛందస్సు తెలుసునా తల్లీ?"

"తెలీదండి. తొక్కితే కదులుతుంది."

"అయితే మా విద్యార్థుల కోవే" అని లోపలికి వెళ్ళి కూర్చున్నారు.

రిహార్సలు వెన్నలా సాగింది. ఏనుగు రాజులాగే హుందాగా కదిలింది. మాస్టారు కూడా వరండాలోకి వచ్చి నిలబడ్డారు. హిమబిందు ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని అందరినీ అడిగింది: "వరస తప్పే చోటేమన్నా ఉంటదా మావయ్యా? ఎక్కడన్నా ముందుకీ వెనక్కీ అయ్యేదుంటే ఇప్పుడే చెప్పండి, రాసేస్తాను."

జాన్ బాబు హార్మోనియం మెట్ల మీంచి తలెత్తి పున్నారావు వైపు చూశాడు. పున్నారావు మాస్టారి కరివేపాకు చెట్టు వైపు చూశాడు.

"ఏముంటదమ్మాయ్. వరసగా పోద్ది" అన్నాడు.

హిమబిందు తెనాలి పిల్ల. వన్స్ మోర్ల మధ్య పుట్టి పెరిగింది. ఆయన ఎందుకు చెట్టు వైపు చూశాడో ఆమెకు తెలియదని ఎవరూ అనుకోనక్కర్లేదు. వన్స్ మోరుకు దారి పెట్టాలంటే యంత్రానికి 'మళ్ళీ' నేర్పాలి. నేర్పాలంటే ఆ నిద్రపట్టే అధ్యాయం తెరవాలి. అయినా, రేపల్లెలో మావయ్యకు వన్స్ మోరా? ఆ మాట మనసులో అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే ల్యాప్‌టాప్ మూసేసింది.

రేపల్లెలో పేరున్న సమాజాలన్నీ చీకటిపడ్డాక ఆడతాయి. పప్పుమిల్లు సమాజానికి సాయంత్రం, ఎండ పూర్తిగా దిగకముందే ఇచ్చారు. మినీ వ్యానులో ఏనుగు తొండం కిటికీలోంచి బయటపెట్టుకుని ఊళ్ళోకి దిగింది. హాలు చేరగానే పున్నారావు చెల్లెల్ని పక్కకు పిలిచాడు.

"బసవా, ఇక్కడ నువ్వు నోరు విప్పావంటే నా మీద ఒట్టే. తల కూడా తడుముకోకు."

"నేనేం చేశానన్నయ్యా?" అంది బసవమ్మ, పాలు తాగే పిల్లలా మొహం పెట్టి.

"నువ్వేం చేశావో నాకు తెల్సు."

బసవమ్మ పాలిపోయింది. ఇన్నేళ్ళూ తెలుసన్న సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది. వెళ్ళి మూడో వరసలో కూర్చుని, బుగ్గ నిండా వక్కపొడి పోసుకుని, రెండు చేతులూ ఒళ్ళో కట్టేసుకుంది.

ఆట మొదలైంది. యంత్రం చెప్పింది చెప్పినట్టు చేసింది. లైటు మారిన ప్రతిసారీ పక్క తెర చాటున నిలబడ్డ హిమబిందు గుండె నిండేది. హర్ష దగ్గరికొచ్చి, "ఇదంతా నువ్వేనా?" అన్నాడు. "అడుగునుంచీ" అంది. ఆ మాట అనడానికే ఇంత చదువూ చదివినట్టు అనిపించింది.

ఏనుగు పద్యం వచ్చింది. పున్నారావు ముఖారి రాగంలో ఎత్తుకున్నాడు. మామూలుగా ఆయన మూడో పాదం దగ్గర ఊపిరి దొంగిలిస్తాడు, కిరీటం సర్దుకుంటున్నట్టు నటించి. ఆ సాయంత్రం సర్దుకోలేదు. కిరీటం తీసి ఏనుగు పాదాల దగ్గర పెట్టి, గోనెపట్టా తొండాన్ని చెంపకు ఆనించుకుని, చివరి పాదాన్ని పైకి తీసుకుపోయి అక్కడే నిలబెట్టాడు. అంత ఊపిరి ఎక్కడ దాచుకున్నాడో ఎవరికీ తెలీదు. హిమబిందు యంత్రాన్ని చూడటం మర్చిపోయి ఆయన్ను చూసింది.

పద్యం ఆగింది. జాన్ బాబు మీట తొక్కాడు. ఉరుము ఉరిమింది, ఏనుగు మెల్లగా కదిలింది.

వెనక వరసలోంచి ఎవరో అరిచారు. "వన్స్ మోర్!"

అటు కిటికీ పక్కనుంచి ఇంకో గొంతు. ఆ తర్వాత నడిమి వరసలన్నీ. చూస్తుండగానే హాలు హాలంతా. బసవమ్మ రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది, కళ్ళవెంట ధారలు.

పున్నారావు ముందు వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా వచ్చారేమోనని. ఎవరూ లేరు. అప్పుడు అర్థమైంది. జనానికి రెండు చేతులూ జోడించాడు.

హిమబిందుకు ముందు ఒళ్ళు పులకరించింది. మరుక్షణం గుర్తొచ్చింది. యంత్రానికి ముందుకు పోవడమే తెలుసు.

పున్నారావు మళ్ళీ రాగం ఎత్తుకుని ఏనుగు వైపు తిరిగాడు. ఏనుగు వెళ్ళిపోతోంది. తొండం పట్టుకుని దాంతో నాలుగడుగులు నడిచాడు. ఏనుగు ఆగలేదు. రాజు నడక పెంచాడు. జనంలో కిసుక్కుమన్న నవ్వు పుట్టింది. జాన్ బాబు అది చూసి, ఫ్యాను స్విచ్చులాగా ఇంకోసారి నొక్కితే ఆగుతుందనుకున్నాడు కాబోలు, మీట ఇంకోసారి తొక్కాడు. ఏనుగు లోపలికి పోనేపోయింది, దర్బారు తెర లేచి అడవి తెర దిగింది. అయ్యో అనుకుని ఇంకోసారి తొక్కాడు. వాన మొదలైంది. "తొక్కకండి బాబాయ్!" అని హిమబిందు అరిచింది. ఆ వానలో, ఉరుముల్లో, ఈలల్లో ఎవరికి వినపడుతుంది? ఆయన కంగారుగా మరోసారి తొక్కాడు. ముందు తెర దిగడం మొదలుపెట్టింది.

ఆయన బతుకంతా ఎదురుచూసిన పద్యం మీద ఆమె చేసిన తెర పడుతోంది. అడుగునుంచీ ఆమె చేసిందే.

హిమబిందు ప్లగ్గు పట్టుకుని ఊడబీకింది.

వాన ఆగింది. ఉరుము ఆగింది. లైట్లు పోయాయి, అదే ప్లగ్గు మీదున్న మైకులూ పోయాయి. ముందు తెర రాజు నడుందాకా దిగి అక్కడే వేలాడింది. అప్పటికి బయటా పొద్దు గూకింది. చీకట్లో ఈలలు. ఎవరో పుణ్యాత్ముడు హాలు ట్యూబులైట్లు వేశాడు. తెల్లటి వెలుగులో మాసిన తెర కింద రెండు కాళ్ళు, జరీ పంచె అంచు కనపడ్డాయి.

ముందు తెర కిందనుంచి కిరీటం వచ్చింది. దాని వెనక చేయి. ఆ తర్వాత వంగి, ఒక మోకాలు నేలకు ఆనించి, పున్నారావు బయటికొచ్చాడు. "అన్నయ్యా, మోకాళ్ళు!" అని బసవమ్మ వక్కపొడితో సహా అరిచింది. ఆయన లేచి నిలబడి పంచె దులుపుకున్నాడు. జాన్ బాబు హార్మోనియాన్ని ఈడ్చుకుంటూ అంచుకు తెచ్చాడు.

మైకు లేదు, ఏనుగు లేదు, పసుపు వెలుగు లేదు. ఆయన పాడాడు. మొదటిసారంత బాగా రాలేదు, ఉన్నమాట చెప్పుకోవాలి. చివరి పాదం పైకెత్తబోయి సగంలో ఊపిరి తెగింది. ఏ గాయకుడూ ఆగని చోట ఆగి, గాలి పీల్చుకుని, తెగినచోటే పట్టుకుని పైకి తీసుకుపోయాడు. ఎవరూ నవ్వలేదు. బజ్జీల పొట్లాలు కూడా చప్పుడు చేయలేదు. పద్యం అయ్యాక హాలు లేచి నిలబడింది.

మిగిలిన ఆటంతా చేతుల మీద నడిచింది. తెరలు హిమబిందు లాగింది, ఏనుగును హర్ష తోసుకొచ్చాడు, అదీ ఒకసారి తోకవైపు నుంచి. చివరి తెర దించేసరికి ఆమె అరిచేతుల్లో చర్మం లేచిపోయింది. అది ఆమెకు మంచిదే అనిపించింది.

మేకప్ గదిలో పున్నారావు స్టూలు మీద కూర్చున్నాడు. బసవమ్మ కొబ్బరినూనె గుడ్డతో అన్న మొహం తుడుస్తోంది. సగం మొహం భద్రకేతు, సగం పప్పుమిల్లు. హిమబిందు తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"రా అమ్మాయ్" అన్నాడు. "ఒక్క సంగతి అడుగుతాను. దానికి వెనక్కి రావడం చేతకాదా, నువ్వు నేర్పలేదా?"

చెప్పడానికి కావలసినన్ని సంగతులున్నాయి. గెంతడం, గుర్తులు పెట్టుకోవడం, మధ్యలో మారినవి సర్దుకోవడం. అన్నీ నిజాలే, అన్నీ సాకులే.

"నేర్పలేదు మావయ్యా."

"మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. అవసరం పడదనుకున్నాను."

బసవమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది. కోడలి వైపు తిరిగి నోరు తెరిచింది. ఏమనబోయిందో గానీ, అన్న మొహం చూసి, మళ్ళీ గుడ్డ నూనెలో ముంచింది.

పున్నారావు నెమ్మదిగా అన్నాడు.

"బాపట్లలో నువ్వు అడగనే అడిగావు గదా. ఏం మారదని చెప్పింది నేనే. ఒట్టి నమ్మకానికి భయపడి అన్నాననుకున్నావేమో. కాదమ్మాయ్. నేనూ పడదనే అనుకున్నా."

హిమబిందు ఏడ్చేసింది. ఆయన ఏడవలేదు. ఏడిస్తే మిగిలిన రంగు కళ్ళల్లో పడుతుందని భయపడి ఉంటాడు.

"ఊరుకో. ఇద్దరం కలిసి తప్పులో కాలేశాం, రేపల్లె లాగి ఒకటిచ్చింది. బాగానే ఇచ్చింది." నవ్వబోతే దగ్గొచ్చింది. "ఆ పెట్టె తెచ్చావా? ఇప్పుడు నేర్పు దానికి. నేను చూస్తుండగా నేర్పు."

"ఇంక పాడనని డాక్టరుకి చెప్పావు గదన్నయ్యా!" అంది బసవమ్మ.

"రేపల్లె అయ్యాక మానేస్తానన్నా. రేపల్లె ఇంకోసారి పాడమంది. ఇప్పుడు అయినట్టా, కానట్టా?"

హిమబిందు కళ్ళు తుడుచుకుని, మంటపుడుతున్న చేతులతో ల్యాప్‌టాప్ తెరిచింది. "ఎన్నిసార్లు పెట్టమంటారు మావయ్యా? దానికి హద్దు చెప్పాలి."

"హద్దు నీ చేతుల్లో ఉందా, నా చేతుల్లో ఉందా? వాళ్ళు చాలనేదాకా."

ఆమె ఏనుగు పద్యం ముందు 'మళ్ళీ' అని టైపు చేసి, అలవాటు కొద్దీ రన్ నొక్కింది. అప్పటికి ఆమెకు గుర్తే లేదు. తెర మీద ఒక వాక్యం పడింది. ఆమె చేయి అడ్డం పెట్టేలోపే పున్నారావు కళ్ళజోడు పెట్టుకుని వంగి, కూడబలుక్కుని చదివాడు.

"మళ్ళీ అని... ఎవరడిగారు."

బసవమ్మ నోటి మీద చేయి వేసుకుంది. ఆ గొంతు ఎవరిదో ఆమె పోల్చుకుంది. హిమబిందుకు భూమి చీలిపోతే బాగుండుననిపించింది.

పున్నారావు ఆ వాక్యాన్ని ఇంకోసారి లోలోపల చదువుకున్నాడు. స్టూలు మీద నిటారుగా కూర్చుని, రాజుకు మిగిలిన సగం మీసాన్ని ఒకసారి దువ్వాడు.

"రేపల్లెవాళ్ళడిగారని చెప్పు దానికి."